కాటలోనియా జెగాన్స్‌ని ఎలా చూడాలి: ఫోన్ జేబులో పెట్టి, బొమ్మ కిందున్న మనిషిని చూసేవాళ్ల కోసం

స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతానికి రాజధాని అయిన బార్సిలోనాకి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు, నాలుగు రోజుల టూర్ మీద వచ్చినవాళ్లు, ఏదో ఒక సాయంత్రం పాత ఊరి సందుల్లో డప్పుల మోత విని అటు తిరుగుతారు. చూస్తే మొదటి అంతస్తు బాల్కనీల ఎత్తున ఒక రాజుగారి మొహం, వెనకే రాణిగారు, ఇద్దరూ ఊగుతూ వస్తుంటారు. వీడియో తీసి స్టేటస్‌లో పెట్టేసి మెట్రో వైపు వెళ్లిపోతారు. అలా వెళ్లిపోకండి అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆ వీధిలో మీరు చూసింది వందల ఏళ్లుగా ఊరివాళ్లు భుజాల మీద మోసుకొస్తున్న పండగలో ఒక చిన్న ముక్క, దాన్ని పూర్తిగా చూడటానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో, వెళ్లాక ఎక్కడ నిలబడాలో, దేన్ని చూడాలో తెలిస్తే చాలు.

ఈ భారీ బొమ్మల్ని అక్కడ జెగాన్స్ అంటారు. పోస్టర్ల మీద స్పెల్లింగ్ చూసి మనం గెగాంట్స్ అని చదువుకుంటాం, ఎవరినైనా దారి అడిగేటప్పుడు మాత్రం జెగాన్స్ అనండి, వెంటనే అర్థమవుతుంది.

వెళ్లేముందు కాస్త చరిత్ర

కొంచెమే చెప్తాను, కానీ ఇది తెలిస్తే వీధిలో కనిపించేవి చాలా వాటంతట అవే అర్థమవుతాయి. బార్సిలోనాలో కార్పస్ క్రిస్తీ ఊరేగింపు 1320 నుంచి ఉంది, అంటే దివ్యసత్ప్రసాదాన్ని (క్రీస్తు శరీరంగా కొలిచే పవిత్ర రొట్టెని) వీధుల్లో తిప్పే కతోలిక పండగ. చదువు రాని జనానికి బైబిల్ కథలు కళ్లకు కట్టాలని ఆ ఊరేగింపులో వేషాలూ బొమ్మలూ పెట్టేవాళ్లు. 1424 నాటి ఊరేగింపు వర్ణనలో దావీదు రాజుతోపాటు, బైబిల్లో ఆయన చేతిలో చచ్చిన భారీకాయుడు గొల్యాతు కూడా కనిపిస్తాడు, కాటలోనియాలో జెగాన్ గురించి దొరికిన పాత రాతల్లో మొదటిదిగా చెప్పుకునేది అదే. పోను పోను గొల్యాతు పక్కన ఒక ఆడబొమ్మ చేరింది, బైబిల్ కథ వెనక్కి తగ్గింది, రాజూ రాణీ జంట స్థిరపడిపోయింది. 1780లో స్పెయిన్ రాజు మూడో కార్లోస్ ఇలాంటి బొమ్మలూ డాన్సులూ చర్చి ఊరేగింపుల్లో ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. కొన్నిచోట్ల బొమ్మలు అటకెక్కాయి, కానీ జనం వదల్లేదు, చర్చి పండగలోంచి ఊరి పండగలోకి తెచ్చుకున్నారు.

అసలు ఊపు వచ్చింది స్పెయిన్ నియంత ఫ్రాంకో 1975లో చనిపోయాక. 1980లలో ఊరూరా కుర్రకారు గుంపులు కట్టి, పాడైన బొమ్మల్ని బాగు చేయించారు, లేనిచోట కొత్తవి చేయించారు, ఆ గుంపులన్నీ కలిసి కాటలోనియా అంతటికీ ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. అంతకుముందు చాలా ఊళ్లలో కూలి ఇచ్చి మోయించేవాళ్లు. ఇప్పుడు మోసేది దాదాపు అంతా ఊరివాళ్లే, జీతం భత్యం ఏమీ లేకుండా. ఒక బొమ్మ చుట్టూ చేరిన ఈ బృందాన్ని కోల్యా అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది.

తణుకు బుట్టబొమ్మలాట చూసినవాళ్లకి, మనిషి బొమ్మలోకి దూరి దాన్ని ఒంటిమీద మోస్తూ ఆడటం కొత్తేమీ కాదు. అక్కడ బొమ్మ తలనీ భుజాలనీ కప్పుతుంది, ఇక్కడ బొమ్మ మనిషి మీద ఇంకో మనిషంత లేస్తుంది, తేడా అంతే. అందుకే మనవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

ముందు పండగ ఎంచుకోండి

ఏ ఊరికైనా ఏడాదికి ఒక పెద్ద పండగ ఉంటుంది, ఆ ఊరి పునీతుడి లేదా మరియమ్మ పేరు మీద, దాన్ని ఫెస్తా మజో అంటారు. జెగాన్స్ ఎక్కువగా బయటికొచ్చేది అప్పుడే. మీరు బార్సిలోనాలో ఉంటే ఫిబ్రవరి 12న సాంతా ఎవులాలియా పండగ, మే చివర్లోనో జూన్‌లోనో కార్పస్, ఆగస్టు 15 దగ్గర గ్రాసియా పేట పండగ, ఆగస్టు 16న సాన్ రోక్, సెప్టెంబరు 24న మెర్సె. ఊరు దాటి వెళ్లగలిగితే జూలై 27న మతరో, సెప్టెంబరు 8న ఓలోట్, అదే రోజు సొల్సోనా, సెప్టెంబరు 23న తరగోనా. బెర్గా ఊరి పతుమ్ పండగ సంగతి తర్వాత విడిగా చెప్తాను, దాని దారి వేరు.

మొదటిసారి మెర్సెకి వెళ్లమని చాలామంది చెప్తారు. వెళ్లండి, తప్పులేదు, బార్సిలోనా నగరం జెగాన్స్ అయిన జౌమా రాజు, వియొలాన్ రాణి ప్లాసా సాన్ జౌమా మధ్యలో ఆడుతుంటే చూడకుండా ఉండకూడదు. కానీ అక్కడ జనం ఎంతమంది ఉంటారంటే, బొమ్మల నడుం పైభాగమే కనిపిస్తుంది, పైగా జేబులు జాగ్రత్తగా చూసుకోవాలి. నన్నడిగితే మొదట ఏదైనా పేట పండగకో చిన్న ఊరికో వెళ్లండి. గ్రాసియా జెగాన్స్ పేర్లు పావ్, లిబెర్తాత్, అంటే శాంతి, స్వేచ్ఛ. ఆ పేటవాళ్లు వాటిని సొంత ఇంటి పెద్దల్లా చూసుకుంటారు, మీరు పక్కనే నడిచినా ఎవరూ తోసేయరు.

ఇంకో మంచి దారి ఉంది, త్రుబాడా. ఒక ఊరి కోల్యా చుట్టుపక్కల ఊళ్ల కోల్యాలని పిలుస్తుంది, అందరూ తమ బొమ్మల్ని వ్యాన్‌లో వేసుకుని దిగుతారు, ఎక్కువగా ఆదివారం పొద్దున. ఒక్క మైదానంలో రాజులు, రైతులు, జాలర్లు, మంత్రగత్తెలు, ఆ ఊరి కథల్లో దొంగలు, అందరూ వరసగా నిలబడి ఉంటారు. వచ్చినవాళ్లకి పిలిచినవాళ్లు బ్రెడ్డూ, బుతిఫార్రా సాసేజీ టిఫిన్ పెడతారు. టూరిస్టులు దాదాపు ఉండరు. జెగాన్స్ గురించి నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు.

ప్రోగ్రాం కాగితం చదవడం

ప్రతి పండగకీ మునిసిపాలిటీ ఒక ప్రోగ్రాం వేస్తుంది, నెట్‌లోనూ పెడతారు, చూడటానికి టికెట్ ఉండదు. అందులో రోజంతా ఏవేవో ఉంటాయి, మీరు వెతకాల్సినవి మూడే. ప్లంటాడా అని ఉంటే, బొమ్మల్ని ఒకచోట నిలబెట్టి ఉంచుతారు, దగ్గరికెళ్లి చూడొచ్చు. సెర్కవీలా అంటే వీధుల్లో ఊరేగింపు. బాల్ అని ఉండి పక్కన జెగాన్స్ ఉంటే, చౌరస్తాలో ఆడతారు. చాలామంది సెర్కవీలా టైం మాత్రమే చూసుకుని వస్తారు, మిగతా రెండూ పోగొట్టుకుంటారు. మీరు ప్లంటాడా టైంకి వెళ్లండి. సందేహం ఉంటే దగ్గర్లో ఉన్న బేకరీలో అడగండి: క్వాన్ సుర్తన్ ఎల్స్ జెగాన్స్? జెగాన్స్ ఎప్పుడు బయల్దేరతాయి అని. వాళ్ల కాటలాన్ భాషలో అడిగారంటే వాళ్ల మొహం విప్పారుతుంది, టైం ఒక్కటే చెప్పి ఊరుకోరు, ఏ మూల నిలబడాలో కూడా చెప్తారు.

వానొచ్చేలా ఉంటే ముందే ఫోన్‌లో చూసుకోండి. పాత బొమ్మలు కాగితంతో చేసినవి, నాలుగు చినుకులు పడినా లోపలికి తీసుకెళ్లిపోతారు. గాలి ఎక్కువైనా అంతే, అంత ఎత్తున ఉన్న గుడ్డకి గాలి పట్టిందంటే కిందున్నవాళ్లు ఆపలేరు.

బొమ్మ నిలబడి ఉన్నప్పుడు దగ్గరికెళ్లండి

ఇక్కడ కాస్త టైం పెట్టండి, నిజంగా. సెర్కవీలా బయల్దేరకముందు బొమ్మల దగ్గర ఎవరూ ఉండరు, కోల్యా వాళ్లు ఒక పక్కన కాఫీ తాగుతుంటారు. ముందు మొహం చూడండి. మామూలుగా ఒక జెగాన్ మూడు నాలుగు మీటర్ల ఎత్తు ఉంటుంది, మొహం కింద నుంచి చూసేవాళ్ల కోసం చెక్కింది, అందుకే కళ్లు కాస్త కిందికి వాలి ఉంటాయి, గడ్డం పెద్దదిగా ఉంటుంది. పాత పద్ధతిలో ముందు మట్టితో తల చేస్తారు, దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు, ఆ అచ్చు లోపల జిగురు పూసిన కాగితాన్ని పొరలు పొరలుగా అతికి, ఆరాక బయటికి తీసి, అతుకులు సరిచేసి రంగులేస్తారు. ఇప్పుడు చాలావాటికి కాగితం బదులు ఫైబర్‌గ్లాస్ వాడుతున్నారు, బరువు తగ్గుతుంది, వానకి భయం ఉండదు. చెవి వెనకో మెడ దగ్గరో రంగు పెచ్చులూడిన చోట చూస్తే లోపల ఏముందో కనిపిస్తుంది. ఓలోట్ ఊళ్లో చర్చి విగ్రహాలు చేసే కార్ఖానాలు 19వ శతాబ్దం నుంచి ఉన్నాయి, అక్కడి జెగాన్స్ తలలు మికెల్ బ్లాయ్ అనే శిల్పి కుర్రతనంలో చేసిన పని. సొల్సోనాలో మనెల్ కస్సెర్రాస్ అనే ఆయన కాటలోనియా అంతటికీ వందల బొమ్మలు చేసిచ్చాడు.

తర్వాత చేతులు చూడండి. రాజుగారి ఒక చేతిలో గదో కత్తో ఉంటుంది, రాణిగారి చేతిలో పూలగుత్తి. మిగిలిన చేయి ఊరికే వేలాడుతుంటుంది. లోపల దూది గానీ గుడ్డ గానీ కూరిన చొక్కా చేయి, చివర గట్టి పిడికిలి. ఆట మొదలైనప్పుడు ఈ వేలాడే చేయే అసలు పని చేస్తుంది, అది తర్వాత చెప్తాను. రాణిగారి బట్టలు కూడా చూడండి. పాతరోజుల్లో బార్సిలోనా రాణి బొమ్మ కార్పస్ నాడు ఏ జుట్టు ముడి, ఏ గౌను వేసుకొస్తే ఆ ఏడు ఆడవాళ్లకి అదే ఫ్యాషన్ అని చెప్పుకునేవాళ్లు.

ఇప్పుడు నడుం కిందికి రండి. గౌను మధ్యలో, మన మొహం ఎత్తున, చిన్న కిటికీలాంటి కంత ఉంటుంది, దానికి జాలీ గుడ్డ కుట్టి ఉంటుంది. లోపలి మనిషి ప్రపంచాన్ని చూసేది అందులోంచే. గౌను లోపల నాలుగు కాళ్ల చెక్క చట్రం, కొన్నిటికి ఇప్పుడు అల్యూమినియం. బొమ్మ ఎవరూ పట్టుకోకుండా నిలబడుతున్నది ఆ నాలుగు కాళ్ల మీదే. చట్రం అడ్డకర్రకి మెత్త కట్టి ఉంటుంది, మోసేవాళ్లు దాని కింద భుజాలు పెట్టి, ముందున్న రెండు కర్రలు చేత్తో పట్టుకుని లేస్తారు. బరువు చిన్నవాటికి ముప్పై నలభై కిలోలు, పాతవి వంద దాటేవి కూడా ఉన్నాయి.

గౌను మీరే ఎత్తి చూడకండి. అడగండి, చాలామంది ఆనందంగా ఎత్తి చూపిస్తారు, పిల్లలుంటే లోపల నిలబెట్టి ఫొటో కూడా తీయనిస్తారు. అడగకుండా ఎత్తితే మాత్రం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

పండగ రోజుల్లో రాలేనివాళ్లు బార్సిలోనాలో ప్లాసా దె లెస్ బెయాతెస్‌లో ఉన్న కాసా దెల్స్ ఎంత్రెమెసోస్‌కి వెళ్లండి. ఊరి పండగ బొమ్మలకి అదే ఇల్లు, జెగాన్స్, బుర్రబొమ్మలు, డ్రాగన్లు, సింహం, గద్ద అన్నీ అక్కడ చూడొచ్చు. సాంతా కతెరీనా మార్కెట్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు, తెరిచే టైం మాత్రం ముందు చూసుకుని బయల్దేరండి.

సెర్కవీలాలో నడవడం

ఒకచోట నిలబడి చూడకండి, వాళ్లతో నడవండి. ఇది టీవీలో కవాతు చూసినట్టు చూసేది కాదు, జనం బొమ్మల ముందూ వెనకా కలిసిపోయి నడుస్తారు, అదే మర్యాద. రాజుగారికి రెండు మూడడుగులు వెనకగా, పక్కకి ఉండండి. చుట్టూ ఒకే రంగు చొక్కాలేసుకున్న కోల్యా మనుషులు నడుస్తుంటారు, వాళ్లకి దారివ్వండి, ఎందుకంటే మోసేవాళ్లు మారేది వాళ్లతోనే.

మోసేవాళ్లు మారడం చూడండి, నాకు జెగాన్స్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. సందు మధ్యలో బొమ్మ ఒక్కసారిగా ఆగుతుంది, అరచేతి ఎత్తు కిందికి దిగుతుంది, నాలుగు కాళ్లూ రాళ్ల మీద టక్కుమంటాయి. ఒకరు గౌను పక్కకి ఎత్తి పట్టుకుంటారు, లోపలినుంచి ఎర్రబడ్డ మొహంతో, చొక్కా తడిసిన ఒక అబ్బాయో అమ్మాయో వంగుని బయటికొస్తారు, ఇంకొకరు నడుంకి గట్టిగా చుట్టుకున్న పట్టీ సరిచేసుకుని లోపలికి దూరతారు. బయటున్న మనిషి గౌను మీద రెండు తట్లు తడతాడు. బొమ్మ వణికి, పైకి లేచి, మళ్లీ నడుస్తుంది. మొత్తం అయిపోవడానికి అర నిమిషం కూడా పట్టదు. పైన రాజుగారి మొహంలో మార్పేమీ ఉండదు, కానీ నడక మారిపోతుంది: ముందు మోసినవాళ్లు చిన్న చిన్న అడుగులేస్తే, తర్వాతవాళ్లు కాస్త ఊగిస్తారు, కొందరు పెద్దవాళ్లైతే నేలకి అంటుకున్నట్టు నిదానంగా తీసుకెళ్తారు. కాళ్లని చూడటం అలవాటైతే, కళ్లెత్తకుండానే ఎవరో మారారని తెలిసిపోతుంది. ఒకప్పుడు ఇది మగవాళ్ల పని అనేవాళ్లు, ఇప్పుడు చాలా కోల్యాల్లో ఆడవాళ్లు బొమ్మలెత్తుతారు, కొన్నిటిని వాళ్లే బాగా ఆడిస్తారు.

తీగలు అడ్డొచ్చినచోట, చెట్టుకొమ్మలు కిందికి ఉన్నచోట ఏం చేస్తారో చూడండి. బయట ఒకరు పైకి చూస్తూ అరుస్తుంటారు, లోపలి మనిషి మోకాళ్లు వంచి బొమ్మని దించి, వంగి వంగి దాటిస్తారు. రాజుగారు వంగినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొడతారు.

పిల్లలతో వెళ్తే బుర్రబొమ్మల దగ్గర జాగ్రత్త. కబ్‌గ్రోసుస్ అంటారు వీటిని, మనిషి ఒంటికి పెద్ద కాగితం తల ఒక్కటే పెట్టుకుంటారు, ఎక్కువగా నోటి కంతలోంచి చూస్తారు. జెగాన్స్‌కి ముందు ఇవి ఎగురుతూ వస్తాయి, కొన్ని ఊళ్లలో పిల్లల్ని తరుముతాయి. మరీ చిన్నపిల్లలు హడలిపోతారు, ఎత్తుకుని కాస్త దూరంగా ఉండి, తల తీసినప్పుడు లోపలి మనిషిని చూపించండి, భయం పోతుంది. చాలా ఊళ్లలో పిల్లలు మోసే చిన్న జెగాన్స్ కూడా ఉంటాయి, మీ పిల్లలకి అవి ఎక్కువ నచ్చుతాయి.

చెవులు కూడా పెట్టండి

బొమ్మ నడక పాటని బట్టి ఉంటుంది, అందుకే వాద్యగాళ్లు ఎక్కడున్నారో చూసుకుని వాళ్లకి దగ్గర్లో ఉండండి. గ్రాల్యా అనే వాయిద్యం మన సన్నాయి జాతిదే, రెండు రీడ్ల మధ్య ఊదేది, పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. దాంతోపాటు డోలు. కొన్నిచోట్ల ఒక చేత్తో పిల్లనగ్రోవి ఊదుతూ ఇంకో చేత్తో చిన్న డోలు కొట్టే మనిషి ఒక్కడే జంట మొత్తాన్ని ఆడిస్తాడు. నడక పాట వేరు, ఆట పాట వేరు. నడక పాట ఆగి, వాద్యగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే, ఏదో చౌరస్తాలో ఆట మొదలవబోతోందని అర్థం, వెంటనే ముందుకెళ్లి చోటు పట్టుకోండి.

ఆట దగ్గర ఎక్కడ నిలబడాలి

చౌరస్తాలో బొమ్మలకి గుండ్రంగా చోటు వదులుతారు. మొదటి వరసలో ఉండండి, కానీ కూర్చోవడం మంచిది, వెనకవాళ్లకి కనిపిస్తుంది, మీకు కాళ్లు కనిపిస్తాయి. రాజూ రాణీ ఎదురెదురుగా నిలబడి, ముందుకొచ్చి, పక్కకి జరిగి, చోట్లు మార్చుకుని, చివర్లో తమ చుట్టూ తాము గిర్రున తిరుగుతారు. ఆ తిరుగుడులో ఇందాక చెప్పిన వేలాడే చేయి గాల్లోకి లేస్తుంది, గౌను గొడుగులా విచ్చుకుంటుంది. ఎక్కువ వేగంగా తిప్పితే గొప్ప అనుకోకండి. తిరుగుడు ఆపే క్షణం చూడండి: వంద కిలోల బరువు తిరుగుతూ ఉండగా, పాట ఆఖరి దెబ్బ మీద, బొమ్మ అటూఇటూ తూలకుండా ఆగిందా? అలా ఆపగలిగినవాళ్లే మంచి మోతగాళ్లు, జనం గట్టిగా అరిచేది కూడా అప్పుడే.

సొల్సోనాలో కార్నివాల్‌కి వెళ్తే మాత్రం మొదటి వరస వద్దు, కావాలనుకుంటే తప్ప. అక్కడ పిచ్చి జెగాన్స్ అని ఉంటాయి, వాటిని ఎడాపెడా తిప్పుతారు, బరువైన పిడికిళ్లు గాల్లో తిరుగుతుంటే కుర్రాళ్లు కావాలని వాటి కిందికి వెళ్తారు. సరదాగానే ఉంటుంది, తగిలితే నొప్పి కూడా నిజమే.

మతరోలో రోబాఫావెస్ కుటుంబాన్ని చూడండి. రోబాఫావెస్ ఆ ఊరి జెగాన్ పేరు, భార్య, పిల్లలతో సహా వస్తాడు, ఊళ్లో చిన్నపిల్లలకి కూడా ఆ పాట వచ్చు. బార్సిలోనా నుంచి సముద్రం పక్కగా వెళ్లే లోకల్ రైల్లో వెళ్లిపోవచ్చు. బార్సిలోనా పాత ఊళ్లోనే ఉంటామంటే, పీ చర్చి దగ్గర ముస్తఫా, ఎలిసెండా జంట ఉంది, వాళ్ల ఆనవాళ్లు 1601 నుంచి దొరుకుతున్నాయి.

ముస్తఫా అనే పేరు విని ఆశ్చర్యపోకండి. చాలా ఊళ్లలో జంటలో ఒకరో ఇద్దరో మూర్ (ఒకప్పుడు స్పెయిన్‌ని ఏలిన ముస్లింలు) రాజు, రాణి వేషంలో తలపాగాలతో ఉంటారు, అరబ్బుల పాలన, యుద్ధాల జ్ఞాపకం అలా బొమ్మల్లో మిగిలింది. కొన్ని పాత బొమ్మల్లో నల్లవాళ్లని, తూర్పు దేశాలవాళ్లని చూపించిన తీరు ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. ఊరివాళ్లు వాటిని ఎంత ప్రేమగా మోసినా, ఆ ఇబ్బంది గురించి మాట్లాడుకోవడమే మంచిదని నేను అనుకుంటాను.

బెర్గా పతుమ్‌కి వెళ్లేవాళ్లకి

దీన్ని మొదటిసారికి పెట్టుకోకండి. రెండు మూడు పేట పండగలు చూశాక వెళ్లండి. పిరనీస్ కొండల కింద బెర్గా అనే చిన్న ఊళ్లో కార్పస్ వారంలో బుధవారం నుంచి ఆదివారం దాకా జరుగుతుంది, ఈస్టర్‌ని బట్టి తేదీ మారుతుంది, మామూలుగా మే చివర, జూన్‌లో వస్తుంది. యునెస్కో దీన్ని 2005లో ప్రకటించి, 2008లో మానవజాతి వారసత్వ జాబితాలో పెట్టింది. (బెల్జియం, ఫ్రాన్స్ జెగాన్స్‌కి అదే జాబితాలో విడిగా చోటుంది, రెండిటినీ కలిపేయకండి.) రైలు లేదు, బస్సే. ఆ రాత్రులు గదులు దొరకవు, ముందే చూసుకోండి.

అంతా సాన్ పెరా అనే చిన్న చౌరస్తాలో జరుగుతుంది, పక్కనున్నవాళ్ల మోచేతులు మీ పక్కటెముకల్లో ఉంటాయి. ఒక పెద్ద డోలు పలుకుతుంది, ఆ తర్వాత వరసగా టర్కులు, గుర్రాల వేషాలు, నిప్పులు కక్కే పొడుగు మెడ జంతువులు, గద్ద, బుర్రబొమ్మలు, జెగాన్స్. గద్ద ఆడేటప్పుడు అంత గుంపూ ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. రాత్రి చివర్లో ప్లెన్స్ అని, ఒంటినిండా పచ్చటి తీగ ఆకులు చుట్టుకున్న దయ్యాలు బాణాసంచా అంటించుకుని జనం మధ్యలో గెంతుతాయి, లైట్లన్నీ ఆర్పేస్తారు. దాని తర్వాత తిరబోల్స్: జెగాన్స్ జనం మధ్యకే వచ్చేస్తాయి, అందరూ చేతులు పట్టుకుని వాటి చుట్టూ తిరుగుతారు.

బట్టల విషయంలో మొండిగా ఉండండి. పాత కాటన్ ప్యాంటు, నిండు చేతుల కాటన్ చొక్కా, వెడల్పు టోపీ, మెడకి కాటన్ రుమాలు, కట్టిన బూట్లు. నైలాన్, పాలిస్టర్ ఏదీ ఒంటిమీద ఉండకూడదు, నిప్పురవ్వ పడితే చర్మానికి అంటుకుంటుంది. చెప్పులతో వెళ్లొద్దు. జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్లు ముడేసి టోపీలో దాచుకోండి. గుంపు ఒకవైపు తోస్తుంటే ఎదురు నిలబడకండి, అటే తిరగండి. టెన్షన్‌గా ఉంటే, పిల్లలుంటే, గురువారం మధ్యాహ్నం జరిగే కార్యక్రమానికి వెళ్లండి, నిప్పు లేకుండా బొమ్మలన్నిటినీ వెలుతుర్లో చూడొచ్చు. శుక్రవారం పిల్లల పతుమ్ ఉంటుంది, బొమ్మలన్నీ చిన్న సైజులో, మోసేది కూడా పిల్లలే.

మీరే ఎత్తాలనుకుంటే

కాటలోనియాలో ఉంటున్నవాళ్లకి చెప్తున్నాను, అక్కడి మనుషులతో కలవడానికి కోల్యా కంటే మంచి దారి నాకు తెలియదు. ఆఫీసు, యూనివర్సిటీ, మన తెలుగువాళ్ల గ్రూపు, ఈ మూడిటి మధ్యే ఏళ్లు గడిచిపోతాయి, పక్కింటివాళ్ల పేరు కూడా తెలియదు. మీ పేటలో కోల్యా ఉందేమో వెతకండి, ఉండే అవకాశమే ఎక్కువ. సెర్కవీలా అయిపోయాక, బొమ్మల్ని గదిలోకి చేర్చేటప్పుడు వెళ్లండి. ముందు కాదు, అప్పుడు వాళ్లు హడావిడిలో ఉంటారు. పుక్ ప్రుబారు? అనండి, నేనొకసారి ప్రయత్నించొచ్చా అని. ఏదో ఒక ఖాళీ చట్రమో చిన్న బొమ్మో చూపిస్తారు.

లోపలికి దూరాక తొందరపడకండి. ముందు మెత్త రెండు భుజాల మీదా సమంగా కూర్చుందో లేదో చూసుకోండి. కాళ్లు భుజాల వెడల్పున పెట్టి, నడుం నిటారుగా ఉంచి, మోకాళ్లతో లేవండి, వీపుతో ఎత్తితే మర్నాడు మంచం దిగలేరు. లేచాక నడవకండి, అలాగే నిలబడండి. బొమ్మ పైన ఎటు వాలుతోందో భుజాలకి తెలుస్తుంది, అది తెలిసేదాకా ఆగండి. తర్వాత పాదం ఎత్తీ ఎత్తకుండా చిన్న అడుగులు. కంతలోంచి నేలని చూడకండి, ఎదురుగా ఉన్న మనిషిని చూడండి, ఆయన చెయ్యి చూపిన వైపు వెళ్లండి. తిరగడం మొదటి రోజు అడగొద్దు, వాళ్లే చెప్తారు. దించేటప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకి తగలాలి, ముందు రెండు తగిలితే బొమ్మ మొహం మీద పడుతుంది.

నడుం నొప్పి ఉన్నవాళ్లు, మోయడం ఇష్టం లేనివాళ్లు కూడా కోల్యాలో ఉండొచ్చు. పక్కన నడిచి తీగలు చూసేవాళ్లు కావాలి, గౌన్లు కుట్టి ఇస్త్రీ చేసేవాళ్లు కావాలి, వ్యాన్ నడిపేవాళ్లు, డోలు కొట్టేవాళ్లు, పిల్లల బొమ్మల వెంట ఉండేవాళ్లు కావాలి. మన దగ్గర పెళ్లి ఊరేగింపుల్లో డప్పు పట్టినవాళ్లుంటే డోలు పని వెంటనే దొరుకుతుంది. కొత్త బొమ్మ చేయించినప్పుడు పక్క ఊరి జెగాన్స్‌ని పేరు పెట్టే పెద్దలుగా పిలిచి పేరు పెడతారు, ఆ రోజు భోజనాలు ఉంటాయి, దానికి పిలుపు వస్తే తప్పకుండా వెళ్లండి. రిహార్సల్స్ ఎక్కువగా పండగకి కొన్ని వారాల ముందు మొదలవుతాయి, కాబట్టి సెప్టెంబరు పండగ కావాలంటే అక్కడి వేసవి మొదట్లోనే, అంటే జూన్‌లో, వెళ్లి అడగండి.